పాత పైథాన్ వెర్షన్లకు సపోర్ట్ ఆపేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏదైనా ఓపెన్ సోర్స్ లైబ్రరీ (అందరూ తమ ప్రోగ్రాంలలో వాడుకునే రెడీమేడ్ కోడ్) "ఇకమీదట పైథాన్ 3.9కి సపోర్ట్ లేదు" అని ప్రకటించిందంటే వాడేవాళ్ళకు టెన్షన్, నడిపేవాళ్ళకు మొహమాటం. నేను రెండు వైపులా ఉన్నవాణ్ణి. ఒక చిన్న లైబ్రరీని చాలా ఏళ్ళుగా చూసుకుంటున్నాను, పగలంతా వేరేవాళ్ళు రాసిన లైబ్రరీల మీద ఆధారపడి పని చేస్తున్నాను. నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులు ఎక్కువగా పైథాన్ గురించే. మిగతా భాషల సంగతి చివర్లో కాస్త చెప్పాను.

సపోర్ట్ ఆపేస్తే నా ప్రోగ్రాం రేపటి నుంచి ఆగిపోతుందా?

ఆగదు. పైథాన్ లైబ్రరీలు ఉండే ఆన్‌లైన్ భండారం పైపీఐలో పాత రిలీజులు ఎక్కడివి అక్కడే ఉంటాయి. మీరు పైథాన్ 3.9 మీద పిప్‌తో (పైపీఐ నుంచి లైబ్రరీలు దించే టూల్) ఇన్‌స్టాల్ చేస్తే, 3.9కి పనికొచ్చే ఆఖరి రిలీజ్ ఏదో అదే దిగుతుంది. నిన్న నడిచింది రేపూ నడుస్తుంది. కొత్త ఫీచర్లు, కొత్త బగ్ ఫిక్సులు మాత్రం ఆ వెర్షన్ దాకా రావు.

దీని వెనక ఉన్న ఏర్పాటు చాలా చిన్నది. ప్రతి రిలీజ్‌తో పాటు "రిక్వైర్స్-పైథాన్" అని ఒక లైను వెళ్తుంది. అందులో >=3.10 అని ఉందనుకోండి, పిప్ పైపీఐ జాబితా చదివేటప్పుడే ఆ లైను చూసి, మీ పైథాన్ 3.9 అయితే ఆ రిలీజ్‌ను డౌన్‌లోడ్ చేయకుండానే పక్కన పెట్టి దాని ముందుదానికి వెళ్తుంది. 2016 నవంబరులో వచ్చిన పిప్ 9.0 నుంచి ఇది పని చేస్తోంది. అంతకన్నా పాత పిప్‌కు ఈ లైను ఒకటుందనే తెలియదు. దొరికిన కొత్త రిలీజ్‌ను దించేసి, తర్వాత ఎర్రర్ చూపిస్తుంది. మీ దగ్గర ఇప్పటికీ అలాంటి పిప్ ఉంటే ఈ పేజీ మూసి ముందు దాన్ని అప్‌డేట్ చేయండి.

బాగానే నడుస్తున్నదాన్ని ఎందుకు కదపడం?

అందరూ అడిగేది ఇదే. బయటి నుంచి చూస్తే సపోర్ట్ ఉంచడానికి ఖర్చేమీ లేనట్టే కనిపిస్తుంది. కోడ్ ఇప్పటికే రాసి ఉంది కదా, అలా వదిలేస్తే పోలేదా అనిపిస్తుంది.

ముందు టెస్టుల లెక్క చూడండి. అయిదు పైథాన్ వెర్షన్లు, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు అంటే ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ (కోడ్‌లో మార్పు చేర్చమని పంపే ప్రతిపాదన) 15 టెస్ట్ జాబులు. ఇంకో రెండు పాత వెర్షన్లు కలిపితే 21. వాటిలో ఏదో ఒకటి ఎర్రగా వెలిగితే, అది నిజంగా కోడ్‌లో తప్పా, లేక పాత వెర్షన్‌కు సరిపడే టూల్ దొరక్క పడిపోయిందా అని కూర్చుని తేల్చాల్సింది మనిషే. నా అనుభవంలో చాలాసార్లు రెండోదే. టెస్టులను తనంతట తానే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఉబుంటు 24.04 మెషిన్ మీద పైథాన్ 3.7 అడిగితే అసలు దొరకదు. దానికోసం పాత మెషిన్ పేరు విడిగా రాసుకోవాలి. కొన్నాళ్ళకు ఆ మెషిన్ కూడా పోతుంది.

తర్వాత డిపెండెన్సీలు. మీరు ఆధారపడే లైబ్రరీలు మీకంటే ముందే పాత వెర్షన్‌ను వదిలేస్తాయి. పైథాన్ 3.9 గడువు 2025 అక్టోబరు దాకా ఉన్నా, లెక్కల లైబ్రరీ నంపై 2.1 అంతకు ఏడాది పైచిలుకు ముందే, 2024 ఆగస్టులోనే దాన్ని వదిలేసింది. ఇప్పుడు మీ లైబ్రరీ 3.9లో ఒక నంపైతో, 3.12లో ఇంకో నంపైతో నడవాలి. రెంటికీ ఒకే జవాబు రావాలి. ఈ బరువు పైకి కనిపించదు. ఒక రాత్రి రెండు గంటలకు ఒక దశాంశం తేడా వచ్చి టెస్ట్ పడిపోయినప్పుడు తెలుస్తుంది.

ఆఖరిది రాసే చేతికి సంబంధించింది. మ్యాచ్ స్టేట్‌మెంట్ 3.10లో వచ్చింది. టామల్ అనే సెట్టింగ్స్ ఫైళ్ళు చదివే మాడ్యూల్ 3.11 నుంచి పైథాన్‌లోనే ఉంది. 3.9ని మోస్తున్నంత కాలం మొదటిది వాడలేరు, రెండోదానికి "ఉంటే ఇది, లేకపోతే అది" అని రెండు దారులు రాయాలి. అలాంటివి పది పోగయ్యాక కోడ్ అతుకుల బొంతలా తయారవుతుంది. కొత్తగా సాయం చేయడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి చెప్పకుండా వెళ్ళిపోతారు. సెలవు రోజుల్లో జీతం లేకుండా పని చేసే ప్రాజెక్టుకు అన్నిటికంటే పెద్ద నష్టం అదే అని నా అభిప్రాయం.

ఒక వెర్షన్ పాతబడిందని ఎవరు తేలుస్తారు?

పైథాన్ బృందమే తేదీలు ముందుగా ప్రకటిస్తుంది. పెప్ 602 అనే వాళ్ళ ప్రతిపాదన పత్రం ప్రకారం 3.9 నుంచి ఏటా అక్టోబరులో ఒక కొత్త వెర్షన్ వస్తుంది, దాదాపు అయిదేళ్ళు బతుకుతుంది. మొదట్లో ఏడాదిన్నర మామూలు బగ్ ఫిక్సులు, మిగతా మూడున్నరేళ్ళు సెక్యూరిటీ ఫిక్సులు మాత్రమే ఇచ్చేవారు. 3.13 నుంచి ఈ లెక్క రెండు, మూడు ఏళ్ళుగా మారింది. సెక్యూరిటీ దశలోకి వెళ్ళాక విండోస్, మాక్ ఇన్‌స్టాలర్లు కూడా రావు, సోర్స్ కోడ్ మాత్రమే ఇస్తారు. ఈ లెక్కన 3.7 గడువు 2023 జూన్‌లో, 3.8 గడువు 2024 అక్టోబరులో తీరిపోయాయి. 3.10 వంతు 2026 అక్టోబరు.

శాస్త్ర గణన వైపు ప్రాజెక్టులు అంతకాలం కూడా ఆగవు. నంపై వాళ్ళు 2019లో నెప్ 29 అని ఒక నియమం పెట్టుకున్నారు: ఒక పైథాన్ వెర్షన్ విడుదలైన నాటి నుంచి 42 నెలలు సపోర్ట్. తర్వాత శాస్త్ర గణన ప్రాజెక్టులు కలిసి పెట్టుకున్న స్పెక్ 0 దాన్ని మూడేళ్ళకు కుదించింది. చిన్న ప్రాజెక్టు అయితే ఇవేవీ పట్టించుకోకుండా, పైథాన్ బృందం గడువు తీరిన తర్వాత వచ్చే మొదటి రిలీజ్‌లో తీసేయండి. నేను చేసేది అదే. నియమం ఏదైనా రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలు) ఒక్క వాక్యంలో రాసి పెట్టండి. రాసి ఉన్న నియమంతో ఎవరూ పెద్దగా గొడవపడరు. అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయంతోనే పడతారు.

పైథాన్ 2 నాటి గొడవ మళ్ళీ వస్తుందా?

రాదు. చాలామంది భయానికి మూలం మాత్రం అక్కడే ఉంది కాబట్టి కాస్త చెప్పుకోవాలి. పైథాన్ 3.0 వచ్చింది 2008 డిసెంబరులో. పైథాన్ 2.7 వచ్చింది 2010 జూలైలో. 2.7 గడువు మొదట 2015 అనుకున్నారు, జనం కదలకపోవడంతో 2014లో దాన్ని 2020కి పొడిగించారు. 2.7.18 అనే ఆఖరి రిలీజ్ 2020 ఏప్రిల్‌లో వచ్చింది. అంటే కొత్తిల్లు కట్టాక కూడా పదకొండేళ్ళకు పైగా పాతింటి అద్దె కడుతూ వచ్చారు.

అప్పటి మార్పు భాషలోపలిది. ప్రింట్ రాసే తీరు మారింది. అక్షరాలు వేరు, బైట్లు వేరు అయ్యాయి. పాత కోడ్ చాలా చోట్ల తిరగరాయకుండా నడవలేదు. 3.9 నుంచి 3.12కు వెళ్ళడం అలాంటిది కాదు. మామూలు కోడ్ చాలా వరకు ఏమీ ముట్టుకోకుండానే నడుస్తుంది. విరిగే చోట్లు కూడా ముందే చెప్పి విరిగేవే. ప్యాకేజీలు తయారు చేసే డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్‌ను 3.10లో "తీసేయబోతున్నాం" అని హెచ్చరించి 3.12లో తీసేశారు. కలెక్షన్స్ మాడ్యూల్‌లోని కొన్ని పాత పేర్ల మీద హెచ్చరిక 3.3 నాటిది, తీసింది 3.10లో. వార్నింగులను ఎర్రర్లుగా చూపించమని చెప్పి ఒకసారి మీ టెస్టులు నడపండి, రాబోయే మూడేళ్ళ పని జాబితా మొత్తం అక్కడే కనిపిస్తుంది.

ఆ గొడవలో కూడా పద్ధతిగా చేసినవాళ్ళున్నారు. వెబ్‌సైట్లు కట్టే జాంగో 1.11ను పైథాన్ 2 మీద నడిచే ఆఖరిదిగా పెట్టి, దానికి దీర్ఘకాలం సపోర్ట్ ఇచ్చి, 2017 డిసెంబరులో వచ్చిన 2.0 నుంచి పైథాన్ 3కే పరిమితం చేశారు. ఐపైథాన్ వాళ్ళూ 5 సిరీస్‌ను అలాగే మిగిల్చి 6.0 నుంచి ముందుకు వెళ్ళారు. పాతవాళ్ళకు నిలబడేందుకు ఒక మెట్టు మిగిల్చి, తాము పై మెట్టెక్కారు.

పాత వెర్షన్ ఎంతమంది వాడుతున్నారో చూసి నిర్ణయించొచ్చా?

చూడండి, కానీ ఆ అంకెను మరీ నమ్మకండి. పైపీఐ డౌన్‌లోడ్ లెక్కల్లో ఏ పైథాన్ వెర్షన్ నుంచి ఎన్ని డౌన్‌లోడ్లో కనిపిస్తుంది. అయితే అక్కడ లెక్కకొచ్చేది మనుషులు కాదు. ఎవరో మర్చిపోయిన ఒక సీఐ జాబు (టెస్టులను తనంతట తానే నడిపే ఏర్పాటు) గంటకోసారి అదే ప్యాకేజీని మొదటి నుంచి దించుకుంటూ ఉంటే ఒక్కరే వందమందిలా కనిపిస్తారు. పాత వెర్షన్ల విషయంలో ఈ మోసం ఇంకా ఎక్కువ, ఎందుకంటే పాత వెర్షన్ మీద పడి ఉన్నవి చాలావరకు ఎవరూ ముట్టుకోని ఆటోమేషన్లే. పైగా వాళ్ళు ప్యాకేజీ నంబర్‌ను కూడా ఫలానాదే కావాలని బిగించేసి ఉంటారు. మీరు కొత్త రిలీజ్ ఇచ్చినా ఇవ్వకపోయినా వాళ్ళకు తేడా తెలియదు.

నేను చూసేది వేరే. గత ఏడాదిలో ఆ పాత వెర్షన్ మీద ఎవరైనా ఇష్యూ (సమస్య చెప్తూ ప్రాజెక్టు పేజీలో పెట్టే ఫిర్యాదు) తెరిచారా? ఎవరూ తెరవకపోతే అడిగేవాళ్ళు లేరనే లెక్క.

సరే, తీసేద్దాం అనుకున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

రిక్వైర్స్-పైథాన్ లైనుతో. మిగతావన్నీ దాని తర్వాతే. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న పాఠం కాబట్టి వివరంగా చెప్తాను.

కొన్నేళ్ళ కిందట నా లైబ్రరీలో 3.6, 3.7 తీసేయాలనుకున్నాను. ముందు సీఐ ఫైల్లోంచి ఆ రెండు వెర్షన్లు తీసేశాను. రీడ్‌మీ మార్చాను. ప్యాకేజీ వివరాల్లో ఏ ఏ వెర్షన్ల మీద నడుస్తుందో చెప్పే క్లాసిఫైయర్లు కూడా మార్చాను. ఆ ఉత్సాహంలో ఒక ఫంక్షన్‌లో వాల్రస్ ఆపరేటర్ (:= అనే గుర్తు) వాడాను, అది 3.8లో వచ్చింది కదా. 2.0 అని నంబర్ వేసి శుక్రవారం సాయంత్రం వదిలాను. రిక్వైర్స్-పైథాన్ మాత్రం >=3.6 అనే ఉండిపోయింది. క్లాసిఫైయర్లు మార్చాను కదా అని ధీమా. అవి పేజీలో చూపించుకోవడానికే తప్ప పిప్ వాటి వైపు కన్నెత్తి కూడా చూడదు.

శనివారం పొద్దున లేచేసరికి ఇష్యూలు వరసగా ఉన్నాయి. 3.7 వాడేవాళ్ళకు 2.0 చక్కగా ఇన్‌స్టాల్ అయింది, ఇంపోర్ట్ చేయగానే సింటాక్స్ ఎర్రర్. నేను కంగారుగా లైను సరిచేసి 2.0.1 వదిలాను. ఇష్యూలు ఆగలేదు. ఎందుకో అర్థం కావడానికి అరగంట పట్టింది. 3.7 మీద పిప్ 2.0.1ను చూసింది, దానికి 3.8 కావాలి అని రాసి ఉంది కాబట్టి పక్కన పెట్టింది, ఒక అడుగు వెనక్కి వేసింది. అక్కడ నా విరిగిన 2.0 ">=3.6" అని బోర్డు పెట్టుకుని కూర్చుంది. దాన్నే దించింది.

ఒకసారి అప్‌లోడ్ చేసిన రిలీజ్ వివరాలను పైపీఐలో మార్చలేం. చేయగలిగింది ఆ రిలీజ్‌ను "యాంక్" చేయడం. యాంక్ చేసినదాన్ని, సరిగ్గా ఆ నంబరే కావాలని అడిగినవాళ్ళకు తప్ప, పిప్ ఎవరికీ ఇవ్వదు. 2.0ని యాంక్ చేశాక 3.7 వాళ్ళకు మళ్ళీ 1.9 దిగడం మొదలైంది. ఫైలు డిలీట్ చేసేస్తే పోలేదా అంటే, 3.8 మీద 2.0ని బిగించుకుని హాయిగా ఉన్నవాళ్ళ బిల్డులు అప్పుడు విరుగుతాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు.

అప్పటి నుంచి నా వరస ఇదీ. పాత వెర్షన్ మీద నడిచే ఆఖరి రిలీజ్ ఇచ్చి, దాని నోట్స్‌లో "3.9కి ఇదే ఆఖరు" అని రాస్తాను. తర్వాత ఒక చిన్న పుల్ రిక్వెస్ట్‌లో రిక్వైర్స్-పైథాన్, సీఐ జాబితా, క్లాసిఫైయర్లు మారుస్తాను. అందులో కోడ్ ఒక్క లైను కూడా కదలదు. రిలీజ్‌కు ముందు పాత పైథాన్‌తో ఒక ఖాళీ ఎన్విరాన్‌మెంట్ చేసి, కొత్త ప్యాకేజీ ఫైలును చేత్తో ఇన్‌స్టాల్ చేసి చూస్తాను. పిప్ "కుదరదు" అనాలి. అంటేనే పైపీఐకి ఎక్కిస్తాను.

కోడ్ శుభ్రం చేయడం ఎప్పుడు?

దాని తర్వాత, వేరే పుల్ రిక్వెస్ట్‌లో. పైఅప్‌గ్రేడ్ లేదా రఫ్ లాంటి టూల్‌కు కనీస వెర్షన్ ఎంతో చెప్తే పాత రాతలను చాలావరకు అదే కొత్త తీరుకు మారుస్తుంది. వెర్షన్ నంబర్ చూసి దారి మళ్ళే ఇఫ్‌లు మాత్రం కొన్ని మిగిలిపోవచ్చు, వాటిని మీరే వెతికి చూసుకోండి. వందల ఫైళ్ళు ఒకేసారి మారితే తెరిచి ఉన్న మిగతా పుల్ రిక్వెస్టులన్నీ కాన్‌ఫ్లిక్ట్ అవుతాయి. వాటిని ముందు మెర్జ్ చేసేయడం మర్యాద.

వెర్షన్ నంబర్‌లో మొదటి అంకె పెంచాలా?

దీని మీద వాదనలు తెగవు. సెమాంటిక్ వెర్షనింగ్‌ను (పాతది విరిగే మార్పు చేస్తే మొదటి అంకె పెంచాలనే నియమం) గట్టిగా పట్టుకున్నవాళ్ళు పెంచాలంటారు. నంపై మధ్య అంకె పెంచే రిలీజుల్లోనే పైథాన్ వెర్షన్లు వదిలేస్తుంది. రిక్వెస్ట్స్ లైబ్రరీ అయితే పైథాన్ 2.7ను వదిలింది 2.28.0లో. రిక్వైర్స్-పైథాన్ సరిగ్గా ఉంటే పాతవాళ్ళకు కొత్త రిలీజ్ చేరనే చేరదు, చేరనిది ఏమీ విరగ్గొట్టలేదు. కాబట్టి మధ్య అంకె చాలంటాను. ఆఖరి అంకె రిలీజ్‌లో మాత్రం ఎప్పుడూ చేయకండి. అది చిన్న ఫిక్సుల కోసం జనం కళ్ళు మూసుకుని తీసుకునేది.

కింది హద్దు పెట్టినట్టే పై హద్దు కూడా పెడితే మంచిదేగా? ఉదాహరణకి <3.14 అని?

వద్దు. జాగ్రత్తలా కనిపించే పొరపాటు ఇది. మీ 2.5 రిలీజ్‌లో ఆ హద్దు పెట్టారనుకోండి, 2.1లో లేదు. 3.14 వాడే మనిషి ఇన్‌స్టాల్ చేయబోతే పిప్ 2.5ను వదిలి, వెనక్కి వెనక్కి వెళ్ళి 2.1ను తెచ్చిపెడుతుంది. 3.14 పేరు కూడా ఎరగని రిలీజ్ అది. కొత్తది నడవదేమో అని భయపడి, కచ్చితంగా నడవనిదాన్ని అంటగట్టినట్టయింది.

మా సర్వర్ మా చేతిలో లేదు. సిస్టమ్‌తో వచ్చిన పాత పైథానే గతి. మేమేం చేయాలి?

ఇది నిజమైన ఇబ్బంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8తో వచ్చేది పైథాన్ 3.6. ఆ సిస్టమ్‌కు 2029 దాకా సపోర్ట్ ఉంది. 9తో వచ్చేది 3.9, దానికి 2032 దాకా. అంటే పైథాన్ బృందం వదిలేసిన వెర్షన్‌ను లినక్స్ కంపెనీ ఏళ్ళ తరబడి ప్యాచ్ చేస్తూ మోస్తుంది. ఆ సేవకు మీ సంస్థ డబ్బు కడుతోంది. లైబ్రరీ రాసే వలంటీర్‌కు అందులో ఏమీ రాదు.

దారి ఉంది. సిస్టమ్ పైథాన్ సిస్టమ్ సొంత పనుల కోసం, దాన్ని ముట్టుకోకండి. మీ ప్రోగ్రాంకు పక్కనే ఇంకో పైథాన్ పెట్టుకోండి. ఆ రెడ్ హ్యాట్ 8లోనే 3.11, 3.12 విడి ప్యాకేజీలుగా దొరుకుతాయి. పైఎన్వ్, యూవీ లాంటి టూల్స్‌తో అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా మీ హోమ్ ఫోల్డర్‌లోనే కావాల్సిన వెర్షన్ పెట్టుకోవచ్చు. అదీ కుదరకపోతే ఆఖరి పాత రిలీజ్ నంబర్‌ను బిగించుకుని నిశ్చింతగా ఉండండి.

ఆ ఆఖరి పాత రిలీజ్‌లో సెక్యూరిటీ లోపం బయటపడితే?

ప్రాజెక్టును బట్టి ఉంటుంది. మనుషులు, డబ్బు ఉన్నవాళ్ళు పాత బ్రాంచిలో ఫిక్స్ ఇస్తారు. చిన్న ప్రాజెక్టుల్లో "మీరు ప్యాచ్ పంపితే రిలీజ్ చేస్తాం" అంటారు, నేనూ అదే అంటాను. ఇప్పటిదాకా ఎవరూ పంపలేదు.

వేరే భాషల్లో కూడా ఇంతేనా?

ఆలోచన ఒకటే, పనిముట్లు వేరు. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ ప్యాకేజీల్లో "ఇంజిన్స్" అని రాస్తారు. కానీ దాని ఇన్‌స్టాల్ టూల్ ఎన్‌పీఎం మామూలుగా హెచ్చరించి ఊరుకుంటుంది, ఆపదు. రస్ట్‌లో ఆరు వారాలకో రిలీజ్ కాబట్టి ఈ తలనొప్పి ఎక్కువ. 1.56 నుంచి ప్యాకేజీలో కనీస రస్ట్ వెర్షన్ రాసే చోటు వచ్చింది, దాన్ని చూసి సరిపడే డిపెండెన్సీని ఎంచే తెలివి రస్ట్ ప్యాకేజీ టూల్ కార్గోకు 2025 జనవరిలో వచ్చిన 1.84లో అబ్బింది. గో బృందం ఆఖరి రెండు పెద్ద వెర్షన్లకే సపోర్ట్ ఇస్తుంది. 1.21 నుంచి మాడ్యూల్ ఫైల్లో రాసిన గో వెర్షన్‌ను కచ్చితమైన కనీస హద్దుగానే చూస్తుంది.

ఇష్యూలో ఎవరైనా కోపంగా రాస్తే ఏం చెప్పాలి?

మూడు వాక్యాలు చాలు: మీకు పనికొచ్చే ఆఖరి రిలీజ్ ఇది, దాన్ని ఇలా బిగించుకోండి, మా నియమం ఇక్కడ రాసి ఉంది. వాదనకు దిగకండి. సంజాయిషీ మరీ పొడవైతే అది బేరానికి పిలుపులా వినిపిస్తుంది.

ఒకసారి తీసేశాక మళ్ళీ చేర్చొచ్చా?

సాంకేతికంగా చేర్చొచ్చు. నేను ఒక్కసారి చేశాను, మా లైబ్రరీ మీద ఆధారపడిన ఇంకో పెద్ద ప్రాజెక్టువాళ్ళు తమ రిలీజ్ అయ్యేదాకా రెండు నెలలు ఆగమని మర్యాదగా అడిగితే. కొత్త సింటాక్స్ ఇంకా ఎక్కడా వాడలేదు కాబట్టి ఆ చిన్న పుల్ రిక్వెస్ట్‌ను వెనక్కి తిప్పితే సరిపోయింది, పది నిమిషాల పని. శుభ్రం చేసిన మార్పులు కూడా అందులోనే కలిపేసి ఉంటే వాళ్ళకు కుదరదని చెప్పాల్సి వచ్చేది.